పార్సెల్ లెక్క లేని ఆన్‌లైన్ అమ్మకం: రైతు సంస్థల లాభదాయకతపై ఒక పరిశీలన

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు తమ సరుకును ఆన్‌లైన్‌లో నేరుగా వినియోగదారునికి అమ్ముకోవాలన్న సూచన నేడు దాదాపు ప్రతి శిక్షణ కార్యక్రమంలోనూ వినిపిస్తోంది. దేశంలో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థలను నెలకొల్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2020లో 6,865 కోట్ల రూపాయల అంచనాతో పథకాన్ని ప్రారంభించింది. 2021 చివర్లో ఓఎన్‌డీసీ ఒక సంస్థగా నమోదైన తరువాత చిన్న విక్రేతకు కూడా జాతీయ విపణి అందుబాటులోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల పసుపు, మిరప, బెల్లం, చిరుధాన్యాలు, కందిపప్పు వంటి సరుకులు రైతు సంస్థల పేరుతోనే దూర నగరాలకు పార్సెళ్లుగా వెళ్లగలుగుతున్నాయి. ఇది ఆహ్వానించదగిన పరిణామమే.

అయితే ఎన్ని సంస్థలు ఆన్‌లైన్ వేదికలలో నమోదయ్యాయన్నది విజయానికి కొలమానం కాజాలదు. పంపిన ప్రతి పార్సెల్‌పై సంస్థకు ఎంత మిగిలింది, అందులో సభ్య రైతుకు కిలోకు ఎంత చేరింది అన్నవే అసలైన కొలమానాలు. ఈ రెండు అంకెలు లెక్క కట్టడానికి అవసరమైన సమాచారాన్ని నమోదు చేయని సంస్థకు ఆన్‌లైన్ అమ్మకం ఆదాయ మార్గం కాదు. వాటాధనం నెమ్మదిగా కరిగిపోయే మార్గం. విస్తరణ విభాగం ఈ విషయాన్ని గుర్తించి తన బోధనాంశాలను సవరించుకోవలసిన సమయం వచ్చింది.

క్వింటా లెక్క, పార్సెల్ లెక్క

వ్యవసాయ పరిశోధనలో ఆర్థిక విశ్లేషణ కొత్త విషయం కాదు. క్షేత్ర ప్రయోగం ఏదైనా దిగుబడితో పాటు సాగు ఖర్చు, స్థూల ఆదాయం, నికర ఆదాయం, ఆదాయ వ్యయ నిష్పత్తి అన్నవి పట్టికలో తప్పక ఉంటాయి. కానీ ఆ పట్టిక పొలం గట్టు దగ్గరో, మహా అయితే మార్కెట్ యార్డు కాటా దగ్గరో ముగిసిపోతుంది. అక్కడ లెక్కకు ప్రమాణం హెక్టారు లేదా క్వింటా. సరుకును బస్తాలలో తూకం వేసి, ధర నిర్ణయించి, ఒకే విడతలో అమ్మేస్తారు. ఖర్చులు కూడా బరువుకు తగినట్లే పెరుగుతాయి.

ఆన్‌లైన్ అమ్మకంలో ప్రమాణం మారిపోతుంది. అక్కడ లెక్కించవలసింది వినియోగదారుని చేతికి చేరిన ఒక్కొక్క ఆర్డర్‌ను. ఖర్చులలో కొన్ని ధరను బట్టి, కొన్ని బరువును బట్టి, మరికొన్ని వీటితో సంబంధం లేకుండా ఆర్డర్‌కు ఇంత అని పడతాయి. అందువల్ల క్వింటాకు లాభం చూపిన సరుకే అర కిలో పొట్లంగా మారినప్పుడు నష్టం చూపవచ్చు. ఈ తేడాను ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఇందులోని ధరలు, రుసుములు విధానాన్ని వివరించేందుకు ఊహించినవి మాత్రమే. ప్రతి సంస్థ తన అంకెలను తానే వేసుకోవాలి.

అర కిలో పసుపు పొట్లం

ఒక రైతు సంస్థ 500 గ్రాముల పసుపు పొడిని 5 శాతం జీఎస్‌టీ కలుపుకొని 210 రూపాయలకు అమ్ముతున్నదనుకుందాం. పన్ను 10 రూపాయలు పోగా అమ్మకపు విలువ 200 రూపాయలు. ఎండు కొమ్ముల ధర కిలో 130 రూపాయలు, తేమ, మర, జల్లెడ దశలలో తరుగు 4 శాతం అనుకుంటే ఖర్చులు ఇలా ఉంటాయి.

ఎండు కొమ్ములు, సుమారు 521 గ్రాములు: 68 రూపాయలు
మర పట్టించడం, పొట్లం కట్టే కూలి: 10 రూపాయలు
లోపలి సంచి, లేబుల్, పై అట్టపెట్టె: 17 రూపాయలు
వేదిక కమీషన్, ధరపై 8 శాతం: 17 రూపాయలు
ఆర్డర్‌కు స్థిర రుసుము: 10 రూపాయలు
రవాణా: 70 రూపాయలు

మొత్తం 192 రూపాయలు. మిగిలినది 8 రూపాయలు. చాలా సంస్థలలో లెక్క ఇంత దూరం కూడా రాదు. కొమ్ముల ధర, మర కూలి తీసివేసి మిగిలినదంతా లాభమనుకోవడం సాధారణం. కానీ ఇక్కడితో కూడా లెక్క పూర్తి కాలేదు.

మొదటిది రవాణా. కొరియర్ సంస్థలు సాధారణంగా 500 గ్రాములకు ఒక అంతరం చొప్పున రుసుము నిర్ణయిస్తాయి. పొట్లంలోని పసుపు 500 గ్రాములే అయినా సంచి, అట్టపెట్టె కలిపి పార్సెల్ 560 గ్రాములు తూగుతుంది. ఆ 60 గ్రాముల వల్ల అది కిలో అంతరంలోకి జారి, 48 రూపాయలు పడవలసిన చోట 70 రూపాయలు పడుతుంది. పైగా బరువును రెండు విధాల లెక్కిస్తారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే పరిమాణపు బరువు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే రుసుము వసూలు చేయడం కొరియర్ రంగంలో సాధారణ పద్ధతి. 25, 20, 12 సెంటీమీటర్ల పెట్టెలో ఎంత తేలికైన సరుకు పెట్టినా లెక్కకు అది 1.2 కిలోలు. చేతికందిన పెట్టెలో సరుకు పెట్టి పంపే సంస్థ గాలికి కూడా రవాణా కడుతోందన్న మాట.

రెండవది పన్ను. కమీషన్, స్థిర రుసుము, రవాణా అనే మూడు సేవల మొత్తం 97 రూపాయలపై 18 శాతం జీఎస్‌టీ, అంటే సుమారు 17 రూపాయల 50 పైసలు చెల్లించాలి. పసుపు అమ్మకంపై కట్టవలసిన పన్ను 10 రూపాయలే. అంతవరకు సర్దుబాటు కాగా మిగిలిన 7 రూపాయల 50 పైసలు ఖాతాలో జమగా పేరుకుపోతుంది. తక్కువ పన్ను రేటున్న సరుకు అమ్మినప్పుడు సేవల మీద పేరుకున్న ఈ జమను నగదుగా వాపసు కోరే వీలు నిబంధనలలో లేదు. 2021లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. అమ్మే సరుకుకు అసలు పన్నే లేకపోతే, సేవలపై కట్టిన 18 శాతం మొత్తం ఖర్చు కిందికే వస్తుంది. కాగితంపై కనిపించిన 8 రూపాయల లాభంలో చేతికి వచ్చేది సుమారు అర్ధ రూపాయి. వేదికలు చెల్లింపు సమయంలోనే మినహాయించే జీఎస్‌టీ అర శాతం, ఆదాయపు పన్ను 0.1 శాతం తరువాత సర్దుబాటయ్యేవే అయినా, అంతవరకు ఆ సొమ్ము సంస్థ చేతిలో ఉండదు.

మూడవది తిరిగి వచ్చే పార్సెళ్లు. చిరునామా దొరకకనో, వచ్చినప్పుడు డబ్బు కడతామన్నవారు తీసుకోకనో నూటికి 5 పార్సెళ్లు వెనక్కు వచ్చాయనుకుందాం. ఒక్కొక్క దానికి రానుపోను రవాణా 140 రూపాయలు, దానిపై పన్ను, పాడైన పెట్టె కలిపి సుమారు 174 రూపాయలు దండుగ. అయిదింటికి 870 రూపాయలు. అమ్ముడైన 95 పార్సెళ్లపై మిగిలినది సుమారు 50 రూపాయలు. అంటే 100 పార్సెళ్లు పంపినందుకు సంస్థకు దాదాపు 820 రూపాయల నష్టం. ఇందులో సిబ్బంది జీతం, అద్దె, ప్రకటనల ఖర్చు లేవు. పండుగ తగ్గింపు పేరిట ధరలో 10 శాతం వదులుకుంటే ఒక్కొక్క పార్సెల్‌పై మరో 19 రూపాయలు పోతాయి. తగ్గింపునకు అంగీకరించే ముందు ఈ లెక్క వేసుకునే సంస్థలు అరుదు.

అదే సరుకు, మరో అమరిక

ఇదే పసుపును అదే కిలో ధరకు 400 గ్రాముల పొట్లాలు రెండు కలిపి 336 రూపాయలకు అమ్మితే ఏమవుతుంది? సరుకు 800 గ్రాములు. బిగువైన పెట్టెలో పెడితే పార్సెల్ కిలో లోపే ఉంటుంది. రవాణా అదే 70 రూపాయలు, స్థిర రుసుము అదే 10 రూపాయలు. పన్ను పోగా వచ్చే 320 రూపాయల నుండి కొమ్ములు, మర, పొట్లం ఖర్చు 150 రూపాయలు, వేదిక, రవాణా ఖర్చు 107 రూపాయలు తీసివేస్తే 63 రూపాయలు మిగులుతాయి. పేరుకున్న పన్ను జమ పోను చేతికి సుమారు 60 రూపాయలు వస్తాయి. నూటికి 5 పార్సెళ్లు తిరిగి వచ్చినా 100 పార్సెళ్లపై మిగులు దాదాపు 4,800 రూపాయలు. జీతం, అద్దె లెక్కించక ముందు ఇది వాడిన ఎండు కొమ్ములకు కిలోకు సుమారు 60 రూపాయల అదనపు విలువ.

రకం మారలేదు, రైతు మారలేదు, కిలో ధర మారలేదు. మారినది పొట్లం బరువు, పెట్టె కొలత. 800 గ్రాములు ఒకేసారి కొనేవారు అర కిలో కొనేవారి కన్నా తక్కువమందే ఉంటారన్నది నిజం. పసుపుతో పాటు ధనియాల పొడి, కారం జత చేయడం వంటి మార్గాలను అందుకే పరిశీలించాలి. ఏ జత లాభదాయకమో ఊహించి చెప్పలేం. పొట్లం వారీగా బరువు, కొలత, మినహాయింపులు, తిరిగి వచ్చినవి నమోదైతేనే తెలుస్తుంది.

సమాచారం పొలంలోనే మొదలవుతుంది

సరుకు సమాచారం అనగానే వేదికలో పెట్టే ఫోటో, వర్ణన మాత్రమే గుర్తుకు రావడం ఒక లోపం. నిజానికి అది కొనుగోలు కాటా దగ్గరే మొదలు కావాలి. 12 శాతం తేమతో కొన్న 100 కిలోల కొమ్ములు 9 శాతం తేమ గల పొడిగా మారేసరికి, జల్లెడ తరుగు లేకపోయినా, 96.7 కిలోలే అవుతాయి. కిలో 130 రూపాయల చొప్పున క్వింటాకు 429 రూపాయలు ఆవిరైనట్లే. పై ఉదాహరణలోని 4 శాతం తరుగులో అధిక భాగం ఈ తేమదే. తేమ కొలవకుండా కొన్న సంస్థకు ఈ నష్టం ఎక్కడ జరిగిందో ఎన్నటికీ తెలియదు. పొడిలో తేమ 10 శాతం మించరాదన్న ఆహార భద్రతా ప్రమాణం ఎలాగూ ఉంది. కనుక తేమ నమోదు నాణ్యతకూ లాభానికీ ఒకేసారి పనికివస్తుంది.

దుగ్గిరాలలో కొమ్ము, కాయ అనీ, నిజామాబాద్‌లో కాడి, గోళ అనీ రైతులు, వ్యాపారులు సరుకును వేరుచేసి ధర కడతారు. వాడుకలో ఏర్పడిన ఈ వర్గీకరణ రైతు సంస్థ గోదాములోకి రాగానే మాయమై అంతా పసుపుగా కలిసిపోతోంది. ప్రగతి, ప్రతిభ వంటి రకాలను, స్థానిక రకాలను ఒకే మరలో కలిపి ఆడించిన తరువాత ఏ పొట్లంలో ఎంత కుర్కుమిన్ ఉందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు అధిక కుర్కుమిన్ గల పసుపు అని లేబుల్‌పై రాయడం నిరాధారమైన ప్రకటన అవుతుంది. ప్రతి లాట్‌కు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు అనుబంధంగా రకం, గ్రామం, కొన్న తేదీ, తేమ, ప్రయోగశాల నివేదిక ఉన్నప్పుడే మేలైన రకానికి మేలైన ధర అడిగే హక్కు వస్తుంది. ప్రజననశాస్త్రవేత్త సంవత్సరాల తరబడి శ్రమించి సాధించిన గుణం వినియోగదారుని వరకు చేరి రైతుకు ధరగా తిరిగి రావాలంటే మధ్యలో ఈ లాట్ సంఖ్య ఒక్కటే వారధి.

చట్టపరమైన అవసరం కూడా తక్కువేమీ కాదు. ఆన్‌లైన్‌లో చూపే సరుకుకు నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు వివరాలు వంటివి ప్రదర్శించాలని తూనికలు కొలతల నిబంధనలు 2018 జనవరి నుండి నిర్దేశిస్తున్నాయి. 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య తప్పనిసరి. సేంద్రియ ఉత్పత్తిగా చెప్పుకోవడానికి 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు వర్తిస్తాయి. వినియోగదారునికి చేరే సమయానికి ఆహార పదార్థానికి కనీసం 30 శాతం లేదా 45 రోజుల నిల్వ కాలం మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో ఆన్‌లైన్ వేదికలకు సూచించింది. పొట్లం కట్టిన తేదీ వారీగా నిల్వ పట్టిక లేని గోదాములో పాత సరుకు అడుగున మిగిలిపోవడం, చివరకు అమ్మకానికి పనికిరాకుండా పోవడం సహజం. ఆ నష్టం ఏ ఆర్డర్ ఖాతాలోనూ కనిపించదు. సంవత్సరాంతపు నిల్వలో మాత్రమే బయటపడుతుంది.

మూడు పుస్తకాలు చాలు

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. మూడు పుస్తకాలు, లేదా కంప్యూటర్‌లో మూడు పట్టికలు సరిపోతాయి. మొదటిది లాట్ పుస్తకం: సంఖ్య, తేదీ, రకం, గ్రామం, కొన్న బరువు, తేమ, చెల్లించిన ధర, వచ్చిన పొడి బరువు, నివేదిక సంఖ్య. రెండవది సరుకు పుస్తకం: ప్రతి పొట్లానికి ఒకే సంకేతం, నికర బరువు, పార్సెల్ బరువు, పెట్టె కొలతలు, నిల్వ కాలం, ఏ పరిస్థితిలోనూ దిగకూడని కనీస అమ్మకపు ధర. మూడవది ఆర్డర్ పుస్తకం: ఆర్డర్ సంఖ్య, పొట్లం సంకేతం, లాట్ సంఖ్య, మినహాయింపులు, బ్యాంకులో జమైన సొమ్ము, తిరిగి వచ్చినదీ లేనిదీ.

ఒకే పొట్లాన్ని మూడు వేదికలలో మూడు పేర్లతో పెట్టి, గోదాములో లేని సరుకుకు ఆర్డర్ తీసుకుని, రద్దు చేసి, జరిమానా కట్టే పరిస్థితి ఒకే సంకేతం వాడితే తప్పుతుంది. వేదిక ఇచ్చే చెల్లింపు వివరాన్ని ఆర్డర్ పుస్తకంతో వారానికోసారి సరిపోల్చితే, బరువు ఎక్కువ చూపి వేసిన రవాణా రుసుములను గడువులోగా ప్రశ్నించవచ్చు. పార్సెల్‌ను కాటాపై పెట్టి తీసిన ఫోటో ఆ సందర్భంలో రుజువుగా నిలుస్తుంది.

అభ్యంతరాలు

ప్రారంభ నష్టం మార్కెట్ కోసం పెట్టే పెట్టుబడి అన్న వాదన ఒకటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఎంత నష్టం, ఎన్ని నెలలు, ఎంతమంది మళ్లీ కొన్నారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం నమోదై ఉంటేనే దానిని పెట్టుబడి అనగలం. పెద్ద వ్యాపార సంస్థ నష్టాన్ని భరించేది మదుపుదారుల సొమ్ముతో. రైతు సంస్థ భరించేది సన్నకారు రైతు కట్టిన వాటాతో. ఈ రెండింటినీ ఒకే తూకం వేయరాదు.

చిన్న సంస్థలకు ఇంత నమోదు భారమన్నది రెండవ అభ్యంతరం. గ్రామాలలో స్వయం సహాయక సంఘాల మహిళలు పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలను పుస్తకాలలో దశాబ్దాలుగా నిర్వహిస్తున్నారు. వారికి సాధ్యమైనది రైతు సంస్థకు అసాధ్యం కాదు. కొరవడినది సామర్థ్యం కాదు, నమూనా పుస్తకం, దానిని నేర్పే వ్యక్తి.

మరొక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ పుస్తకాలు నింపిన తరువాత కొన్ని సరుకులను ఆన్‌లైన్‌లో అమ్మకపోవడమే మేలని తేలవచ్చు. బరువెక్కువ, విలువ తక్కువ ఉన్న సరుకుకు మార్కెట్ యార్డు, టోకు కొనుగోలుదారు, దగ్గరి పట్టణంలోని దుకాణమే లాభదాయకం కావచ్చు. అలా తేలడం వైఫల్యం కాదు. ఒక నేలకు ఒక పంట పనికిరాదని చెప్పడం ఎంత శాస్త్రీయ సలహాయో, ఒక సరుకుకు ఆన్‌లైన్ అమ్మకం పనికిరాదని చెప్పడం కూడా అంతే.

విస్తరణ విభాగం బాధ్యత

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది కొత్త సంస్థలకు. కేంద్ర పథకం కింద ఒక్కో సంస్థకు మూడేళ్ల పాటు నిర్వహణ ఖర్చులకు గరిష్ఠంగా 18 లక్షల రూపాయలు, సభ్యుల వాటాకు సమానంగా గరిష్ఠంగా 15 లక్షల రూపాయల గ్రాంటు లభిస్తాయి. ఆ మూడేళ్లు జీతాలను గ్రాంటు భరిస్తుంది కనుక పార్సెల్‌పై వచ్చే నష్టం కంటికి కనిపించదు. సహాయం ఆగిన నాలుగవ ఏట అది ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటికి వాటాధనం కరిగిపోయి ఉంటుంది. నమ్మకం పోయిన సభ్యులు మళ్లీ దళారి దగ్గరకే వెళతారు. ఆ గ్రామంలో మరో సంస్థను నిలబెట్టడం చాలా కష్టం.

కనుక చేయవలసిన పనులు మూడు. ఒకటి, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు రైతు సంస్థలకిచ్చే శిక్షణలో వేదికలో నమోదు చేసే విధానం కన్నా ముందు పార్సెల్ లెక్కను నేర్పాలి. ప్రగతి నివేదికలో నమోదైన సంస్థల సంఖ్యతో పాటు సభ్యునికి కిలోకు చేరిన అదనపు ధరను కూడా చేర్చాలి. రెండు, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే వ్యవసాయ డిగ్రీ విద్యార్థులకు ఒక్కొక్క బృందానికి ఒక సంస్థను అప్పగించి, ఆ కాలంలో వెళ్లిన పార్సెళ్లన్నింటి లెక్కను తయారు చేయించాలి. విద్యార్థికి అది ఏ పాఠ్యపుస్తకం కన్నా మేలైన వ్యవసాయ అర్థశాస్త్రం, సంస్థకు ఉచితంగా లభించే ఆడిట్. మూడు, విలువ జోడింపుపై ప్రచురితమయ్యే పరిశోధన పత్రాలలో ఆదాయ వ్యయ నిష్పత్తిని మర దగ్గర ఆపకుండా, ఎంచుకున్న అమ్మకపు మార్గంలో వినియోగదారుని చేతి వరకు లెక్కించి చూపాలి. అలా చూపని పత్రాన్ని సమీక్షకులు ప్రశ్నించాలి.

తెలుగు రాష్ట్రాలలో పసుపు తవ్వకాలు జనవరిలో మొదలవుతాయి. ఆ లోపు ప్రతి పసుపు రైతు సంస్థ దగ్గర ఒక తేమ మాపకం, ఒక చిన్న కాటా, ఒక కొలత టేపు, మూడు ఖాళీ పుస్తకాలు ఉండేలా చూడడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వచ్చే సీజను ముగిసేసరికి కిలో పసుపుకు నీ సంస్థ నీకు ఎంత అదనంగా ఇచ్చిందని అడిగితే సభ్య రైతు అంకెతో సమాధానం చెప్పగలగాలి. ఆ అంకె లేనంతకాలం ఎన్ని వేదికలలో నమోదైనా, ఆ సంస్థ ఆన్‌లైన్‌లో వ్యాపారం చేస్తున్నదని చెప్పడానికి ఆధారం లేదు.